కంటి నడుమ కమ్మిన తెర – అధోముఖ దీక్ష

ఛాందోగ్యోపనిషత్తు నాల్గవ అధ్యాయంలో ఉపకోసలుని వృత్తాంతం ఉంది. ఆ బ్రహ్మచారి సత్యకామ జాబాలుని గురుకులంలో 12 సంవత్సరాలు అగ్నిపరిచర్య చేశాడు. తోటి విద్యార్థులకు సమావర్తనం జరిపించిన గురువు, అతనికి మాత్రం ఏమీ ఉపదేశించకుండానే దేశాంతరం వెళ్లాడు. దుఃఖంతో అన్నం మానిన ఆ శిష్యునిపై దయ తలచి, అతడు సేవించిన అగ్నులే విద్యను బోధించాయి. గురువు తిరిగివచ్చి, శిష్యుని ముఖంలోని బ్రహ్మవర్చస్సును గుర్తించి, శేషించిన భాగాన్ని తాను పూరించాడు. నేత్రంలో భాసించే పురుషుడే ఆత్మ అని ఆ ఉపదేశం. నేతిబొట్టయినా నీటిబొట్టయినా కంటి నడుమ నిలువలేక అంచులకు జారిపోవడాన్ని ఆ ఆత్మ యొక్క అసంగత్వానికి గుర్తుగా ఉపనిషత్తు చూపింది.

శంషాబాదు సమీపంలోని మామిడిపల్లిలో నివసించే ఒక వృద్ధ వేదపండితుడు ఈ ఘట్టాన్ని దశాబ్దాల పాటు శిష్యులకు పాఠం చెప్పారు. బయటి ద్రవం కంటి అంచులకు జారిపోతుందన్నది ఆయనకు కంఠగతమైన విషయం. లోపలి ద్రవం ఒకటి కంటి నడుమనే తిష్ఠ వేయగలదని మాత్రం ఆయనకు తమ 72వ యేట అనుభవంలోకి వచ్చింది.

ఆనాడు ఉషఃకాలంలో ఆయన యథావిధిగా వేంకటేశ్వరస్వామి సన్నిధికి వెళ్లారు. ధ్వజస్తంభం నడుమభాగంలో వంగినట్లు కనిపించింది. నిద్ర చాలలేదేమో అనుకున్నారు. గర్భాలయం ముందు నిలిచి హారతి వేళ కన్నులెత్తి చూస్తే స్వామి కిరీటం కనిపించింది, పాదాలు కనిపించాయి, ముఖం ఉన్నచోట మాత్రం నల్లని మేఘం. దృష్టిని పక్కకు మరల్చితే మేఘం పక్కకు వచ్చింది. చూడదలచిన దానిని తప్ప తక్కిన సమస్తాన్నీ ఆ కన్ను చూపుతున్నది.

ఎడమ కన్ను నాలుగేళ్ల క్రితమే ఇలాగే మసకబారింది. అప్పుడు ఆయన దానిని వార్ధక్యమనీ ప్రారబ్ధమనీ భావించి ఏ వైద్యునికీ చూపలేదు. కొన్ని నెలలకు అక్కడ మానని మచ్చ ఏర్పడి, అక్షరం చదివే శక్తి పోయింది. ఇప్పుడు మేఘం కమ్మినది మిగిలిన దక్షిణనేత్రం.

ఇంతలో మరొక సంకటం. నాలుగవ నాడు శంషాబాదు విమానాశ్రయం నుండి ఆయన, సహధర్మచారిణి అమెరికా బయలుదేరవలసి ఉంది. డల్లాస్‌లో ఉన్న కుమారుని ఇంట పెద్ద మనుమని ఉపనయనం. ముహూర్తం ఆయనే పెట్టారు. జంధ్యాలు స్వయంగా వడికి పెట్టెలో సర్దుకున్నారు.

ఫోనులో కుమారుడు అన్నాడు: “నాన్నగారూ, ప్రయాణం ఆపకండి. ఇక్కడికి వచ్చాక ఇక్కడి డాక్టర్లకు చూపిద్దాం.” ఆయనకూ అదే సమ్మతం. “ముహూర్తం మన కోసం ఆగదు. కన్ను దేహధర్మం. చూచేవాడికి చూపు పోవడమేమిటి?” అన్నారు. సహధర్మచారిణి ఏమీ అనలేదు. ఆయన దగ్గర చదువుకొని ఇప్పుడు నగరంలో పౌరోహిత్యం చేసుకుంటున్న శిష్యునికి ఫోను చేసి రమ్మన్నది.

శిష్యుడు మరునాడు ఉదయమే కారు తీసుకుని వచ్చాడు. గురువుగారి వాదం ఓపికగా విని, “గురువుగారూ, సాక్షికి చికిత్స అక్కరలేదని మీరే మాకు చెప్పారు. అది నిజం. కానీ ఆకలి కూడా దేహధర్మమే కదా. ఆకలి వేస్తే అన్నం పెట్టుకుంటున్నాం. కంటికి మాత్రం వేదాంతం పెడదామా?” అన్నాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి ఉత్తరీయం సవరించుకున్నారు.

నగరంలోని ఒక కంటి ఆసుపత్రిలో కనుపాపలు విప్పారే మందు వేసి, కాంతితో కంటి పొరలను చిత్రించే ఓసీటీ పరీక్ష చేశారు. రెటీనా వైద్యురాలు ఆ చిత్రాన్ని చూపుతూ వివరించారు. ఆ వివరణ సాధకులందరూ తెలుసుకోదగినది.

కంటి వెనుక గోడకు లోపలివైపు రెటీనా అనే పలుచని దృష్టిపటలం ఉంటుంది. దాని కేంద్రాన్ని మాక్యులా అంటారు. అక్షరం చదవడం, ముఖం గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం అంతా ఆ కొద్ది మిల్లీమీటర్ల స్థలం చేసే పని. దాని నట్టనడుమ రక్తనాళాలు కూడా ఉండవు. కాంతికి అడ్డు రాకూడదని ప్రకృతి చేసిన ఏర్పాటు అది. అక్కడి కాంతిగ్రాహక కణాలకు ప్రాణవాయువూ పోషణా వెనుకనున్న రక్తనాళపు పొర నుండి అందుతాయి. వయస్సు వల్ల వచ్చే మాక్యులా క్షీణతలో, ఆసియావాసులలో తరచుగా కనిపించే పాలిపాయిడల్ వ్యాధిలో, ఆ వెనుక పొర నుండి దుర్బలమైన నాళాలు పుట్టి ఒకనాడు చిట్లుతాయి. అప్పుడు నెత్తురు దృష్టిపటలం కిందికి చేరి, కణాలకూ వాటి పోషకస్థానానికీ నడుమ గోడవలె నిలుస్తుంది.

ఆ గోడ కేవలం అడ్డుతెర కాదు. గడ్డకట్టే రక్తంలోని ఫైబ్రిన్ పోగులు ముడుచుకుంటూ కాంతిగ్రాహక కణాలను పట్టి లాగుతాయి. విచ్ఛిన్నమయ్యే రక్తం నుండి వెలువడే ఇనుము వాటికి విషమవుతుంది. 1982లో గ్లాట్, మాకెమర్ అనే పరిశోధకులు కుందేళ్లపై చేసిన ప్రయోగాలలో ఈ హాని మొదటి 24 గంటలలోనే ఆరంభమవుతుందని తేలింది. మనుష్యులలోనూ రోజులు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది. అందుచేత రెండు వారాలలోపే, వీలైతే ఇంకా ముందే, చికిత్స జరగాలని వైద్యులు తొందరపెడతారు.

“పంతులుగారూ, రక్తం వచ్చి ఒక రోజే అయింది. మంచి సమయంలో వచ్చారు. దానిని నడుమ నుండి పక్కకు నెట్టుదాం,” అన్నారు ఆమె.

నెట్టే సాధనం వాయువు. కంటిలోకి వాయువును పంపే ఆలోచన కొత్తది కాదు. ఊడిన రెటీనాను తిరిగి అతికించడానికి 1911లోనే జర్మనీలో ఓమ్ అనే వైద్యుడు కంటిలోకి గాలిని ఎక్కించాడు. 1973లో అమెరికాలో ఎడ్వర్డ్ నార్టన్ గాలికన్న ఎక్కువ కాలం నిలిచే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువును అదే వ్యాధికి వాడిన వివరాలు ప్రకటించాడు. మాక్యులా కింది రక్తాన్ని తొలగించడానికి ఇదే వాయువును, రక్తపు గడ్డను కరిగించే మందుతో కలిపి వాడే పద్ధతిని 1990ల మధ్యలో ఆస్ట్రేలియా వైద్యుడు హెరియట్ ప్రవేశపెట్టాడు. 1998లో జపాను వైద్యులు కరిగించే మందు లేకుండా వాయువు ఒక్కటే కూడా రక్తాన్ని జరపగలదని ప్రకటించారు. కొందరికి కంటిలోని జెల్లీని తొలగించే పెద్ద శస్త్రచికిత్స చేసి రక్తాన్ని జరుపుతారు. ఎవరికి ఏది తగునో రక్తపు పరిమాణాన్నీ మందాన్నీ బట్టి రెటీనా వైద్యులు నిర్ణయిస్తారు.

విధానం క్లుప్తంగా ఇది. కంటికి మత్తు చుక్కలు వేసి శుద్ధి చేస్తారు. నల్లగుడ్డు అంచు నుండి 3.5 నుండి 4 మిల్లీమీటర్ల దూరంలో సన్నని సూదితో రక్తాన్ని కరిగించే మందును మైక్రోగ్రాముల ప్రమాణంలో పంపుతారు. గుండెపోటులో గడ్డను కరిగించడానికి వాడే జాతి మందే ఇది. పిమ్మట సుమారు 0.3 మిల్లీలీటరు వాయువును పంపుతారు. కంటి ఒత్తిడి పెరగకుండా ముందుభాగం నుండి కొంచెం నీటిని తీస్తారు. శుద్ధమైన సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ కంటిలో దాదాపు రెండింతలుగా విస్తరించి, సుమారు రెండు వారాలలో రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతుంది. పెర్‌ఫ్లోరోప్రొపేన్ అనే మరొక వాయువు నాలుగింతలై, ఆరు నుండి ఎనిమిది వారాల వరకు నిలుస్తుంది. రక్తం పుట్టిన చోటును అణచడానికి, అసహజ నాళాల పెరుగుదలను నిరోధించే మందును కూడా ఇస్తారు.

తక్కిన పని రోగిది. వాయువు ఎల్లప్పుడూ పైకి పోతుంది. రోగి ముఖాన్ని నేలవైపు ఉంచితే కంటి వెనుకగోడ పైభాగమవుతుంది. అప్పుడు బుడగ సరిగ్గా మాక్యులాను తాకి ఒత్తుతుంది. బరువైన రక్తం నడుమ నుండి అంచువైపు జారుతుంది. వైద్యులు చెప్పిన భంగిమలో, చెప్పినన్ని రోజులు, మేల్కొన్న సమయమంతా తల వంచి ఉండాలి.

“మరి నాలుగవ నాటి ప్రయాణం?” అని ఆయన అడిగారు.

ఆమె సమాధానం స్పష్టంగా ఉంది. కంటిలో వాయువు ఉన్నంతవరకు విమానం ఎక్కరాదు. విమానం లోపలి గాలి ఒత్తిడి దాదాపు 6,000 నుండి 8,000 అడుగుల కొండమీద ఉన్నంతే ఉంటుంది. ఒత్తిడి తగ్గితే బుడగ ఉబ్బుతుంది. 8,000 అడుగుల స్థాయిలో సుమారు మూడో వంతు పెరుగుతుంది. కంటిగోడ సాగదు. అందుచేత లోపలి ఒత్తిడి విపరీతంగా పెరిగి, రెటీనాకు రక్తమిచ్చే ధమని మూసుకుపోవచ్చు. తీవ్రమైన నొప్పితో కన్ను శాశ్వతంగా పోవచ్చు. ఎత్తైన కొండదారులకూ వైద్యుని అనుమతి కావాలి. మరొక శస్త్రచికిత్స వస్తే నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇవ్వకూడదు. అందుకే వాయువు వేసిన రోగి చేతికి ఒక పట్టీ కడతారు, అది వైద్యులు చెప్పేవరకు విప్పకూడదు.

“వాయువు వేయకుండా వెళితే?” అని ఆయన మళ్లీ అడిగారు.

“వెళ్లవచ్చు. తిరిగి వచ్చేసరికి చేయడానికి మా దగ్గర ఏమీ మిగలకపోవచ్చు.”

మనుమని ఉపనయనానికి వెళితే ఆ మనుమనికి చదివి పాఠం చెప్పే కన్ను పోతుంది. కన్ను నిలుపుకుంటే జీవితంలో ఒకేసారి వచ్చే ఆ ముహూర్తం దాటిపోతుంది. రెండింటిలో ఏది ధర్మమో చెప్పే గ్రంథం ఆ గదిలో లేదు. ఆయన పది నిమిషాలు కన్నులు మూసుకుని కూర్చున్నారు. ధర్మాచరణకు దేహమే తొలి సాధనమని పెద్దలు చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. ఎడమ కంటి విషయంలో తాము వైరాగ్యమని పిలిచినది నిజానికి ఉపేక్ష అని కూడా అప్పుడే స్ఫురించింది. “కానివ్వండి అమ్మా,” అన్నారు.

ఆ సాయంకాలమే సూది వేశారు. ఐదు రోజుల అధోముఖ నియమం మొదలైంది.

భంగిమను చికిత్సలో భాగం చేయడం మన ప్రాచీన శల్యతంత్రానికి తెలిసినదే. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం 76 నేత్రరోగాలను లెక్కించింది. లింగనాశమనే శుక్లవ్యాధికి శలాకతో చేసే చికిత్సను వర్ణించి, పిమ్మట రోగి వెల్లకిలా పడుకోవాలనీ, దగ్గు, తుమ్ము, త్రేనుపు వంటి కుదుపులను నిగ్రహించాలనీ నియమం పెట్టింది. అక్కడ ఊర్ధ్వముఖం, ఇక్కడ అధోముఖం. అయినా ఒక సామ్యం ఉంది. ఆనాటి శలాక మసకబారిన కటకాన్ని బయటికి తీయలేదు, చూపుదారి నుండి తప్పించింది. నేటి వాయువూ రక్తాన్ని బయటికి తీయదు, కేంద్రం నుండి తప్పిస్తుంది. అంచుకు చేరిన రక్తాన్ని దేహమే క్రమంగా హరించుకుంటుంది. ఇక్కడ వైద్యుడు కంటిలోకి వెలుగును తెచ్చిపోయడు. వెలుగు ముందే ఉంది, గ్రహించే శక్తీ ఇంకా చావలేదు. నడుమనున్న ఆవరణను సకాలంలో జరపడమే అతని కృత్యం.

ఐదు రోజులు సులభం కాలేదు. పగలు బల్లపై దిండు పెట్టుకుని నుదురు ఆనించి కూర్చున్నారు. మెడ పట్టేసింది, వీపు నొప్పి పుట్టింది. ముఖం పైకెత్తి దైవాన్ని చూడడమే జీవితకృత్యమైన మనిషికి నేల తప్ప మరేమీ కనిపించని స్థితి. రెండవ నాటి రాత్రి విసుగుతో, “ఇది ఏ పాపఫలమో” అన్నారు. అందుకు ఆమె అన్నది: “ఏమండీ, సాష్టాంగం చేస్తే లేచేది ఎప్పుడని లెక్కపెడతామా? ఇదీ అంతే అనుకోండి.” ఆ మాట తరువాత ఆయన లెక్క మానారు. అష్టాక్షరి జపం సాగించారు.

వంచిన చూపులో కంటి నడుమ ఒక గుండ్రని బిళ్ల కదలాడుతూ ఉండేది. భోజనానికి తల నిలిపినప్పుడు అది దృష్టి అడుగుకు దిగినట్లు తోచేది. కంటిలో బుడగ పైకి పోతుంటే కిందికి దిగినట్లు కనిపించడమేమిటని శిష్యుడు వైద్యురాలిని అడిగాడు. కంటిలో ప్రతిబింబం తలకిందులుగా పడుతుందనీ, లోపల పైనున్నది చూపులో కింద కనిపిస్తుందనీ ఆమె చెప్పారు. గురువుగారు అది విని నవ్వి, “డెబ్బై ఏళ్లుగా ఈ కన్ను చెప్పిన పై, కింద నమ్ముకుంటూ వచ్చాను. సరిచేసి చెబుతున్నది లోపలివాడన్నమాట,” అన్నారు. రూపానికి కన్ను ద్రష్ట, కన్నుకు మనస్సు ద్రష్ట, మనస్సుకు సాక్షి ద్రష్ట అనే విచారాన్ని ఆయన ఎన్నోసార్లు బోధించారు. మేఘం కమ్మిన కన్నునూ, కదలాడే బుడగనూ, విసుగుపడే మనస్సునూ వరుసగా తాము చూస్తూనే ఉన్నామని ఆ రోజులలో ఆయనకు తెలిసివచ్చింది. చికిత్స మానడానికి వాడబోయిన వేదాంతమే చికిత్సను సహించడానికి ఆధారమైంది.

ఐదవ నాడు ఉపనయనం. అక్కడ ఉదయం 9 గంటలు, మామిడిపల్లిలో రాత్రి 7 గంటల 30 నిమిషాలు. ఫోనును ఒడిలో పెట్టుకుని ఆయన తల వంచి కూర్చున్నారు. తెర అంతా బిళ్ల చాటున రంగుల మసక. ఎడమ కంటికి ముఖాలు ఆనవు. కనిపించకపోయినా వినిపించింది. పట్టువస్త్రం కప్పుకుని తండ్రి మనుమని చెవిలో మంత్రం చెప్పే వేళ అక్కడ అందరూ మౌనం వహించారు. పిమ్మట సంకల్పం చెబుతున్న బాలుని కంఠం స్పష్టంగా వచ్చింది. ఒకచోట స్వరం తప్పితే ఇక్కడినుండి ఆయన చెయ్యి అప్రయత్నంగా లేచింది. వేదానికి శ్రుతి అని పేరు పెట్టినవారు ఎంత ముందుచూపుతో పెట్టారో అని శిష్యునితో అన్నారు. 2008 మార్చిలో ఆరంభమైన ఆ విమానాశ్రయం నుండి ఏదో విమానం ఇంటిమీదుగా లేచి వెళ్లిన చప్పుడు కూడా అప్పుడే వినిపించింది. ఆయన తల ఎత్తలేదు.

పరీక్షలో రక్తం మాక్యులా నుండి కిందివైపుకు జారినట్లు తేలింది. కిందికి జారిన రక్తపు మచ్చ చూపులో పైభాగాన కనిపించసాగింది. వాయువు కరిగిన తరువాత ఆయన మొదటిసారి ఆలయానికి వెళ్లినప్పుడు స్వామి కిరీటం మీద నీడ ఉంది, ముఖం మీద లేదు. కొంతసేపు అలాగే నిలిచిపోయారు.

కథ ఇక్కడ సంపూర్ణ విజయంగా ముగియదు. ధ్వజస్తంభంలో చిన్న వంపు ఇంకా కనిపిస్తున్నది. పంచాంగంలోని సన్నని అక్షరాలకు భూతద్దం కావాలి. నాళాలు మళ్లీ చిట్లకుండా కంటిలోకి మందు సూదులు వైద్యులు చెప్పిన వ్యవధిలో వేయించుకోవాలి. ఈ చికిత్స తరువాత కొందరికి రక్తం కంటి జెల్లీలోకి వ్యాపించడం, ఒత్తిడి పెరగడం, అరుదుగా రెటీనా ఊడడం, సూక్ష్మజీవుల బాధ కలగడం కూడా జరుగుతాయి. చనిపోయిన కణాలు తిరిగి పుట్టవు. ఎడమ కన్ను అందుకు సాక్ష్యంగా ఆయనతోనే ఉంది.

ఇక్కడే వేదాంతానికీ వైద్యానికీ గల భేదం గ్రహించాలి. ఆత్మ మీది అజ్ఞానావరణం అనాది అయినా, జ్ఞానోదయమైన క్షణంలో తొలగుతుంది, ఆత్మకు ఏ లోపమూ మిగలదు. దేహానికి అట్టి వరం లేదు. దాని ఆవరణను కాలం దాటకముందే తొలగించాలి. రెండింటినీ ఒకటిగా భావించి, ఆత్మకు చెప్పిన అసంగత్వాన్ని కంటికి అన్వయిస్తే, భక్తుడు గ్రంథమూ పోగొట్టుకుంటాడు, గ్రంథం చెప్పిన అర్థమూ పోగొట్టుకుంటాడు.

కనుక 50 దాటిన ప్రతి ఒక్కరూ అప్పుడప్పుడు ఒక కన్ను మూసి మరొక కంటితో తలుపు చట్రాన్నో, గీతల కాగితాన్నో చూడాలి. సరళరేఖ వంగినా, నడుమ మచ్చ కనిపించినా ఆ వారమే రెటీనా వైద్యుని దర్శించాలి. రక్తం పలుచనయ్యే మాత్రలు వాడేవారు ఆ విషయం చెప్పాలి, తమంతట తాము మానరాదు. మన ప్రాంతంవారికి వైద్యం దూరం కూడా కాదు. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి బంజారాహిల్స్‌లో ఉంది.

ఆ పండితుడు ఇప్పుడు ఉపకోసలుని ఘట్టం చెప్పేటప్పుడు ఒక మాట చేరుస్తున్నారు. కంటిలోని పురుషునికి ఏదీ అంటదు, నిజమే. కానీ ఆ పురుషుని గురించి చదివిన కన్నుకు అంటుతుంది. దానిని కాపాడుకోవడం కూడా గురుసేవయే.

మనుమడు మాఘమాసంలో మామిడిపల్లికి వస్తున్నాడు. స్వరం తప్పినచోటు ఆయనకు గుర్తుంది.

స్వస్తి.